సింక్ బటన్ ఎక్కడుంది? శ్రీకాకుళం క్యాజువాలిటీల ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి వెళ్లాక

కాగితం మీద ప్రాజెక్టు పేరు చాలా పొడుగు. ఎమర్జెన్సీలో డ్యూటీ చేసే డాక్టర్లకి గుండె లయ సమస్యల చికిత్సలో ఏ శిక్షణ అవసరమో తేల్చాలి, ఆ శిక్షణ ఇవ్వాలి. మా యూనిట్‌లో అంతా దీన్ని ‘దడ ప్రాజెక్టు’ అంటున్నారు. నేనూ ఫైలు మీద అదే రాసుకున్నాను.

మన జిల్లాకి ఇది ఎందుకంటే, దూరం. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి హైవే మీద సుమారు 130 కిలోమీటర్లు, అక్కణ్ణించి విశాఖకి ఇంకో వంద పైన. పేస్‌మేకర్ అన్నా క్యాథ్‌ల్యాబ్ అన్నా ఎక్కువమంది చూసేది విశాఖ వైపే. ఇచ్ఛాపురం వాళ్లు చాలామంది సరిహద్దు దాటి ఒడిశాలోని బరంపురం పోతారు, వాళ్లకి అదే దగ్గర. గుండె నిమిషానికి 180 కొట్టుకుంటూ బీపీ 80కి పడిపోయిన మనిషిని రిఫర్ రాసి 108 ఎక్కించామంటే, మనం చేయాల్సిన పనిని వెనక కూర్చున్న ఈఎంటీ కుర్రాడి మీద పడేసినట్టే. లయ తప్పిన గుండెకి చాలాసార్లు చికిత్స మొదటి పది నిమిషాల్లోనే ఉంటుంది. ఆ పది నిమిషాలూ గడిచేది చిన్న క్యాజువాలిటీలోనే.

అక్కడ ఉండేది ఎవరు? హౌస్ సర్జన్సీ ఈ మధ్యే అయిన ఎంబీబీఎస్ డాక్టరు, లేదా ఆ రాత్రి డ్యూటీ పడిన గైనకాలజిస్టు, లేదా కళ్ల డాక్టరు. ఎమర్జెన్సీ మెడిసిన్‌ని మన దేశంలో విడి స్పెషాలిటీగా గుర్తించిందే 2009లో. అందులో పీజీ చేసినవాళ్లు ప్రతి క్యాజువాలిటీకీ దొరకడం ఇప్పట్లో అయ్యే పని కాదు.

ఫారం తయారుచేశాం. అంశాల జాబితా, ఒక్కోదాని పక్కన ఒకటి నుంచి ఐదు దాకా ‘మీకెంత ధైర్యం ఉంది’ అన్న గడులు, కింద ‘మీకే శిక్షణ కావాలి’ అని రెండు గీతలు. నరసన్నపేట నుంచి సోంపేట దాకా తెలిసినవాళ్లందరికీ పంపాం.

ఫారాలు తిరిగొచ్చాక

కింది గీతల మీద దాదాపు అందరూ రాసింది ఒకటే: ఈసీజీ క్లాసు కావాలి. కొందరు పక్కన ‘కష్టమైన ఈసీజీలు’ అని కూడా జోడించారు. షాక్ మిషన్ (గుండెకి కరెంటు షాక్ ఇచ్చేది) దగ్గర ధైర్యం గడిలో నాలుగులు, ఐదులు. వేగంగా కొట్టుకునే గుండెని సరిచేసే అడినోసిన్ మందు దగ్గర కూడా అంతే. చర్మం మీంచి పేసింగ్ (మందగించిన గుండెని బయటి నుంచి కరెంటుతో కొట్టించడం) దగ్గర మాత్రం ఒకట్లు, రెండులు. అయినా పేసింగ్ నేర్పమని ఎవరూ అడగలేదు.

నాకు అనుమానం మొదలైంది ఇక్కడే. ఎప్పుడూ వాడని మిషన్ మీద ధైర్యం ఎంతో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? అవసరాల సర్వే అనగానే అందరం చేసేది ఇదే: మీకేం కావాలని అడగడం, వాళ్లు చెప్పింది సిలబస్‌గా పెట్టడం. తెలియనిదాన్ని తెలియదని గుర్తించాలన్నా దాంతో కొంత పరిచయం ఉండాలి.

ఈసీజీ క్లాసు సంగతి కూడా ఆలోచించాల్సిందే. డాక్టర్లు, విద్యార్థులు ఈసీజీలు ఎంత సరిగ్గా చదువుతారన్న అధ్యయనాలన్నీ కలిపి 2020లో ఒక సమీక్ష వచ్చింది. శిక్షణకి ముందు సరైన జవాబులు మధ్యస్థంగా 54 శాతం, శిక్షణ తర్వాత 67. అంటే ఒళ్లొంచి క్లాసు చెప్పినా మూడింట ఒకటి తప్పిపోతూనే ఉంది. అలాంటప్పుడు పేరు కచ్చితంగా చెప్పలేకపోయినా ప్రాణం నిలబెట్టే పద్ధతి నేర్పాలి. పల్స్ ఉందా? మనిషి నిలకడగా ఉన్నాడా, కూలిపోతున్నాడా? క్యూఆర్ఎస్ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఈసీజీలో లేచే పెద్ద గీత) సన్నమా, వెడల్పా? క్రమంగా ఉందా, లేదా? వెడల్పుగా, వేగంగా ఉంటే తేలనంతవరకు వీటీ (గుండె కింది గదుల్లో పుట్టే ప్రమాదకరమైన వేగం) అనుకునే చికిత్స మొదలుపెట్టాలి. అది ఎస్‌వీటీయే (పై భాగంలో పుట్టే వేగం) అనుకుని వేగం తగ్గించే వెరాపమిల్ ఎక్కించారా, అసలు వీటీ అయితే మనిషి అక్కడికక్కడే పడిపోవచ్చు.

మా ప్రొఫెసర్ గారికి చెప్పాను. “ఫారాలు పక్కన పెట్టి వెళ్లి చూడమ్మా, కానీ పరీక్ష పెట్టడానికొచ్చినట్టు కనిపించకు” అన్నారు.

చూసినవి

ఏ ఆసుపత్రో రాయను. నాలుగైదు చోట్ల కనిపించింది ఒకటే కాబట్టి ఒక్కదాన్నే పట్టుకుని రాయడం న్యాయం కాదు.

నర్సింగ్ స్టూడెంట్‌ని మంచం మీద పడుకోబెట్టి, లాప్‌టాప్‌లో మానిటర్ బొమ్మ పెట్టాను. యాభై దాటిన మనిషి, దడ, చెమటలు, బీపీ 80/50, వెడల్పు క్యూఆర్ఎస్, రేటు 180. డ్యూటీ డాక్టరు తెర చూసి తడుముకోకుండా చెప్పేశారు: “వీటీ మేడమ్. అన్‌స్టేబుల్. మత్తిచ్చి సింక్రనైజ్డ్ కార్డియోవెర్షన్, 100 జౌల్స్.” అంటే షాక్‌ని గుండె కొట్టే తాళానికి కలిపి ఇవ్వడం; అలా కలిపేదే మిషన్ మీది సింక్ బటన్. పరీక్షలో అయితే పూర్తి మార్కులు.

“సరే, చేసేయండి” అన్నాను.

మిషన్ మూలన ఉంది, మీద గుడ్డ కప్పి. ప్లగ్గు ఊడదీసి ఉంది. జెల్లీ డ్రెస్సింగ్ ట్రేలో దొరికింది. మిషన్ ఈసీజీ తీగలు మనిషికి తగిలించాలన్న సంగతి కాసేపటికిగానీ గుర్తు రాలేదు, అవి తగిలిస్తేగానీ మిషన్ ఆర్ వేవ్‌ని (క్యూఆర్ఎస్‌లో పైకి లేచే మొనని) నమ్మకంగా పట్టుకోదు. తర్వాత సింక్ బటన్ కోసం వెతుకులాట. సిస్టర్ సాయం వచ్చింది: “అదిగోండి సర్, అది నొక్కితే గీతల మీద చుక్కలొస్తాయి. మాకూ ఎప్పుడూ వాడే పని పడలేదు.” నిజం మనిషైతే ఈపాటికి స్పృహ పోయేది.

సింక్ గురించి మూడు విషయాలు ఎక్కడికెళ్లినా జారిపోతున్నాయి. షాక్ బటన్ నొక్కగానే పేలదు, ఆర్ వేవ్ కోసం మిషన్ ఆగుతుంది, అందాకా నొక్కి పట్టుకునే ఉండాలి. చాలా మిషన్లలో ఒక షాక్ అయ్యాక సింక్ దానంతటదే ఆరిపోతుంది, రెండో షాక్‌కి మళ్లీ నొక్కాలి. మూడోది అన్నిటికన్నా ప్రమాదం: మధ్యలో లయ వీఎఫ్‌లోకి (గుండె కొట్టుకోకుండా ఊరికే వణికే స్థితిలోకి) దిగిపోతే అక్కడ పట్టుకోవడానికి ఆర్ వేవ్ ఉండదు, సింక్ ఆన్‌లోనే ఉంటే ఎంత నొక్కినా షాక్ రాదు. “మిషన్ పాడైంది” అనుకుంటూ నిలబడిపోతారు.

తప్పు డాక్టర్లదనను. చదువుకున్నన్నాళ్లూ ఆ బటన్ నొక్కేది ఎప్పుడూ సీనియరే.

పెట్టె

లయలు పుట్టించే బొమ్మ మనుషులు బజార్లో లక్షల ఖరీదుకి దొరుకుతారు. మాకు కావాల్సింది బొమ్మ కాదు. ఏ ఆసుపత్రికెళ్తే ఆ ఆసుపత్రి మిషన్‌కే తగిలించగలిగే ఒక అబద్ధపు గుండె చాలు. సొంత మిషన్ మీద నేర్చుకుంటేనే రాత్రి రెండింటికి చెయ్యి ఎక్కడికెళ్లాలో తెలుస్తుంది.

మా పిన్ని కొడుకు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాడు. ఆదివారాలు వాడి మీద పడ్డాను. ఈఎస్‌పీ32 బోర్డు తీసుకున్నాం, దాంట్లో అంకెల్ని వోల్టేజీగా మార్చే భాగం ఉంటుంది కాబట్టి ఈసీజీ ఆకారాన్ని పట్టికగా రాసి పెడితే అదే గీస్తూ పోతుంది. అది ఇచ్చేది 3.3 వోల్టుల దాకా, మానిటర్ తీగలకి కావాల్సింది మిల్లీవోల్టు. లక్ష ఓమ్‌ల రెసిస్టర్, దాని కింద 100 ఓమ్‌లది పెట్టి ఆ 100 మీద నుంచి తీసుకుంటే వెయ్యో వంతుకి దిగుతుంది. వోల్టు ఎత్తు గీత మిల్లీవోల్టు అవుతుంది, ఈసీజీ కాగితం మీదైతే 10 మిల్లీమీటర్లు. కుడిచేతి తీగ ఒక బొల్టుకి, కాలి తీగ ఇంకో బొల్టుకి, మిగతావి గ్రౌండ్‌కి.

మొదటిసారి తగిలించగానే తెర నిండా మందపాటి గీత. కరెంటు సరఫరా 50 హెర్ట్జ్ గోల అది. లాప్‌టాప్ చార్జర్ పీకేసి పవర్‌బ్యాంక్ మీద నడిపితే చాలామటుకు పోయింది. తర్వాత ఒక తీగ ఊడిపోయి అలారం మోగింది. మావాడు పక్కనున్న సిస్టర్ని చూసి, “అక్కా, పేషెంటు పోనాడు” అన్నాడు. ఆవిడ నిజంగానే ఉలిక్కిపడింది.

ఇప్పుడు పెట్టెలో ఉన్నవి: మామూలు లయ, ఎస్‌వీటీ, క్రమం లేని ఏట్రియల్ ఫిబ్రిలేషన్, వీటీ, వీఎఫ్, పూర్తి హార్ట్ బ్లాక్ (పై గదుల సంకేతం కింది గదులకి అందకపోవడం), పొటాషియం పెరిగినప్పటి మూడు దశలు. నాబ్ తిప్పితే లయ మారుతుంది.

పెట్టె మీద ఎర్ర పెయింటుతో పెద్దక్షరాలు రాయించాం: దీనికి షాక్ ఇవ్వరాదు. ప్యాడిల్స్ (ఛాతీకి ఆనించే రెండు పలకలు) నుంచి వచ్చేది వేల వోల్టులు. చార్జ్ చేసి, సింక్ చుక్కలు చూసి, “అందరూ పక్కకి” అని అరిచి, చార్జ్‌ని మిషన్ లోపలే దించేయడం దాకానే మా అభ్యాసం. నిజంగా పేలడం చూడాలంటే ప్యాడిల్స్ వాటి గూట్లో పెట్టి సెల్ఫ్ టెస్ట్ చేస్తాం, లేదా బయోమెడికల్ ఇంజనీరు 50 ఓమ్‌ల టెస్టర్ తెచ్చిన రోజు చూపిస్తాం. చార్జ్ దించడం కూడా విడిగా నేర్పాల్సిన సంగతేనని ఇలా తెలిసింది. చార్జ్ అయిన ప్యాడిల్స్ చేత్తో పట్టుకుని ఇప్పుడేం చేయాలో తెలియక నిలబడ్డవాళ్లు ఉన్నారు.

ఎండలు ముదిరాక: ఉద్దానం

ఏ పాఠ్యపుస్తకమైనా లయ సమస్యల జాబితాలో పొటాషియంని ఎక్కడో చివర పెడుతుంది. మన జిల్లాలో అది ముందుకు రావాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం: ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. కిడ్నీ పనిచేయకపోతే రక్తంలో పొటాషియం పేరుకుని గుండె లయ చెడుతుంది. డయాలసిస్ మీద బతికేవాళ్లు ఏ క్యాజువాలిటీకైనా, ఏ రాత్రైనా రావచ్చు.

ఫారంలో పొటాషియం అంశమే లేదు. జాబితా పెద్ద ఊళ్ల పుస్తకాల నుంచి వస్తే ఇలాగే ఉంటుంది. చేర్చాం.

ఈ కేసు రాసుకున్నాను, కల్పించిందే. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషి. ఇంట్లో పెళ్లి, ఒక విడత తప్పిపోయింది. ఎండకి తాళలేక కొబ్బరిబొండాలు తాగాడు. కొబ్బరితోటల మధ్య బతికేవాడికి బొండం వద్దని చెప్పడం సులువు, మానడం కష్టం. ఆ నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. కాళ్లు లాగేస్తున్నాయని, నీరసమని వచ్చాడు. మానిటర్ మీద వెడల్పు క్యూఆర్ఎస్, దాని ముందు రావాల్సిన చిన్న పీ వేవ్ లేదు, రేటు 90.

ఎక్కువమంది “స్లో వీటీ” అన్నారు, వీటీకి ఇచ్చే అమియోడరోన్ అడిగారు. వెడల్పు లయ 120 కూడా దాటకపోతే ముందు పొటాషియం, విషాలు గుర్తుకు రావాలి. ఇక్కడ అమియోడరోన్ మేలు చేయదు, కీడు చేయొచ్చు. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకూడదు. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు నిదానంగా నరంలోకి. నిమిషాల్లో క్యూఆర్ఎస్ సన్నబడడం కళ్లముందే కనిపిస్తుంది, సన్నబడకపోతే మళ్లీ ఇవ్వాలి. కాల్షియం గుండెని కాపాడుతుందంతే, పొటాషియంని దించదు, దాని పని అరగంట నుంచి గంట. ఆలోగా 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్‌తో 25 గ్రాముల గ్లూకోజ్ (మన దగ్గరుండే 25 శాతం డెక్స్‌ట్రోస్ అయితే 100 మిల్లీలీటర్లు), సాల్బుటమాల్ నెబ్యులైజేషన్. ఇక్కడో చిక్కు: ఆయాసానికి వేసే ఒక్క రెస్పూల్ (నెబ్యులైజర్‌లో పోసే చిన్న మందు గొట్టం) 2.5 మిల్లీగ్రాములే, దీనికి కనీసం నాలుగు కావాలి. ఆ తర్వాత కొన్ని గంటలపాటు షుగర్ చూస్తూ ఉండాలి, ఇన్సులిన్ కిడ్నీ జబ్బువాళ్లలో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇదంతా డయాలసిస్ దాకా నెట్టుకురావడానికే.

ఇంకో రకం కూడా ఉంది. కిడ్నీ పని తగ్గిన మనిషి బీపీకి అటెనొలాల్ మింగుతుంటాడు. అది కిడ్నీ ద్వారా పోయే మందు కాబట్టి ఒంట్లో పేరుకుపోతుంది. అటు పొటాషియం కూడా పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుని పల్స్ 35కి దిగుతుంది. పల్స్ పెంచే అట్రోపిన్ ఇచ్చినా కదలదు, కాల్షియం ఇస్తే కదులుతుంది. ఈ కథ వినగానే సోంపేట వైపు పనిచేసే డాక్టరొకాయన, “మేడమ్, ఇలాంటివాళ్లని మేం హార్ట్ బ్లాకని రాసి పంపేస్తున్నాం” అన్నారు.

ఈ పొటాషియం లయలు ఎక్కిస్తుంటే పెట్టె మాకే ఒకటి నేర్పింది. టీ వేవ్ (క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే అల) బాగా పొడుగ్గా, మొనదేరినట్టు పెట్టాం. మేం పెట్టిన రేటు 70, మానిటర్ 140 చూపించింది. టీ వేవ్‌ని కూడా ఒక బీటుగా లెక్కేస్తోంది. సింక్ నొక్కితే కొన్ని చుక్కలు టీ వేవ్ నెత్తిన పడ్డాయి. షాక్ టీ వేవ్ మీద పడకూడదనే కదా సింక్ ఉన్నది! లీడ్ (మానిటర్ గుండెని చూసే కోణం) మార్చగానే చుక్కలు ఆర్ మీదకి వచ్చాయి. అప్పటినుంచి ‘చుక్క ఎక్కడ పడిందో చూసి, అవసరమైతే లీడ్ మార్చు’ అన్నది పాఠంలో చేరింది.

సెషన్లు

పొద్దున్న గంటన్నర, డ్యూటీ మారేముందు. స్లైడ్లు లేవు.

ఎస్‌వీటీతో మొదలుపెడుతున్నాం, ఎందుకంటే అది ఎక్కువగా వచ్చేది, మనిషి నవ్వుతూ ఇంటికెళ్లేది. ముందు మార్చిన వల్‌సాల్వా, అంటే బలంగా ఊదించి గుండె వేగాన్ని దించే పద్ధతి. సగం కూర్చోబెట్టి 10 మిల్లీలీటర్ల సిరంజిలోకి, లోపలి ప్లంజరు కాస్త కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదించాలి. వెంటనే పడుకోబెట్టి కాళ్లు 45 డిగ్రీలు ఎత్తి ఇంకో 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో వచ్చిన రివర్ట్ అధ్యయనంలో ఇలా చేస్తే 43 శాతం మందికి లయ మామూలైంది, కాళ్లెత్తని పాత పద్ధతిలో 17 శాతమే. ఖర్చు ఒక సిరంజి. చెప్పగానే అందరి మొహాల్లో అపనమ్మకం, ఇంత చవకైనదాన్ని చికిత్స అనుకోరు.

తర్వాత అడినోసిన్. “ఇచ్చాం మేడమ్, ఏమీ కాలేదు” అన్నది చాలాసార్లు విన్నాను. ఎక్కడ ఇచ్చారని అడిగితే చేతి వెనక పెట్టిన సన్నటి నీలం క్యాన్యులా. ఆ మందు రక్తంలో బతికేది పది సెకన్ల లోపే, అంత దూరం నుంచి మెల్లగా వస్తే గుండె చేరేలోపే అయిపోతుంది. మోచేతి దగ్గర పెద్ద నరం, త్రీవే (రెండు సిరంజిలు తగిలించే మూడు దారుల కుళాయి), ఒక చేత్తో 6 మిల్లీగ్రాములు, వెంటనే ఇంకో చేత్తో 20 మిల్లీలీటర్ల సెలైన్ ఒక్క ఊపులో. ఫలించకపోతే 12. స్ట్రిప్ కాగితం ముందే నడుస్తూ ఉండాలి, గుండె ఆగి మొదలయ్యే ఆ కాస్త ముక్కలోనే అసలు లయ ఏదో బయటపడుతుంది. ఉబ్బసం ఉందా అని ముందే అడగాలి. కొన్ని సెకన్లు ప్రాణం పోతున్నట్టుంటుందని మనిషికి ముందుగా చెప్పాలి, చెప్పకుండా ఇస్తే జన్మలో మళ్లీ మన దగ్గరికి రారు. రంగునీళ్లతో, గొట్టంతో రెండు చేతుల పని అలవాటు చేయిస్తున్నాం.

వెడల్పుగా, వేగంగా, క్రమం లేకుండా ఉంటే మాత్రం అడినోసిన్, వెరాపమిల్, డిగాక్సిన్ ఏదీ ముట్టొద్దు, షాకే. ఈ ఒక్కటి గోడ మీద అంటించాం.

గుండెపోటుకి రక్తపు గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇప్పుడు చిన్న ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఇస్తున్నారు కాబట్టి ఇంకోటి కలిపాం. ఇంజెక్షన్ పడ్డాక కాసేపటికి 60 నుంచి 110 మధ్య వెడల్పు లయ ఒకటి కనిపించొచ్చు. రక్తనాళం తెరుచుకున్నప్పుడు తరచూ వచ్చేదే. బీపీ బాగుంటే ఏమీ చేయకుండా చూస్తూ ఉండాలి. చేతులు కట్టుకుని నిలబడడం నేర్పడం అన్నిటికన్నా కష్టంగా ఉంది.

బంధువుల పాత్ర మా ఆయా వేస్తోంది. అంతకన్నా బాగా ఎవరూ వేయలేరు. డాక్టరు ప్యాడిల్స్ తీయగానే అడ్డం పడి, “ఏటి బాబూ, మాటాడతన్నోడికి కరెంటెట్టేస్తారా? ఆడికేటైనా అయితే ఎవులు సూస్తారు?” అని గట్టిగా అడుగుతుంది. ఒక కుర్ర డాక్టరుకి నోట మాట రాలేదు. షాక్ ఆలస్యమవడానికి బటన్ తెలియకపోవడం ఒక కారణం, ఈ ప్రశ్నకి భయపడడం ఇంకో కారణం. ఫారంలో దీనికి గడి లేదు. రెండు మూడు వాక్యాల్లో ఏం చెప్పాలో అభ్యాసం చేయిస్తున్నాం: మత్తిస్తాం నొప్పి తెలియదు, ఆలస్యమైతే గుండె ఆగిపోవచ్చు, మేం పక్కనే ఉంటాం.

వానలు మొదలు

గన్నేరు పప్పు కేసులకి విడిగా ఒక గంట పెట్టాం. పచ్చగన్నేరు విషం డిగాక్సిన్ అనే గుండె మందు లాంటిదే. వచ్చినప్పుడు వాంతులు తప్ప మనిషి బాగానే కనిపిస్తారు, ఆ తర్వాత ఉన్నట్టుండి బ్లాక్‌లోకి వెళ్లిపోతారు. అందుకే ‘బాగానే ఉన్నారు’ అని పంపేయకూడదు, మానిటర్ మీదే ఉంచాలి, పొటాషియం చూస్తూ ఉండాలి, అట్రోపిన్ 1 మిల్లీగ్రాము చొప్పున మొత్తం 3 దాకా, పేసింగ్ సిద్ధంగా. విరుగుడు యాంటీబాడీ మనకి అందుబాటులో ఉండేది కాదు. మనసు సంగతి మాట్లాడడానికి సైకియాట్రీ మేడమ్ వస్తున్నారు.

పేసింగ్ దగ్గర బండి నత్తనడకే. ప్యాడిల్స్‌తో పేసింగ్ అవదు, అంటించే ప్యాడ్లు కావాలి. మిషన్‌లో పేసింగ్ సౌకర్యం ఉండి ప్యాడ్లు లేనివి ఉన్నాయి, ప్యాడ్లు స్టోర్‌లో తాళం వెనక ఉన్నవి ఉన్నాయి. తెర మీద ప్రతి గీత తర్వాత వెడల్పు క్యూఆర్ఎస్ కనిపిస్తే సరిపోదు, తొడ దగ్గర పల్స్ తగలాలి. మెడ దగ్గర చూస్తే కండరాల అదురే పల్స్ అనిపిస్తుంది. ఇది చెప్పినప్పుడు నర్సులే ముందుగా పట్టుకున్నారు.

అసలు నర్సుల్ని మొదటి జాబితాలో పెట్టలేదు, ప్రాజెక్టు పేరులో డాక్టర్లే ఉన్నారు కాబట్టి. ఇప్పుడు ప్రతి సెషన్‌కీ జంటగా రమ్మంటున్నాం. డాక్టర్లు బదిలీ అయిపోతారు, పీజీకి వెళ్లిపోతారు, సిస్టర్ అదే మిషన్ పక్కన ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక హెడ్‌నర్సు గారు సొంతంగా డ్యూటీ రిజిస్టర్‌లో కొత్త గడి గీశారు: ప్లగ్గు, బ్యాటరీ, జెల్లీ, కాగితం రోలు, ప్యాడ్ల గడువు, సెల్ఫ్ టెస్ట్. 2018 అక్టోబరు తిత్లీ తుపానుకి రోజుల తరబడి కరెంటు లేక ఆ ప్రాంతం ఏం పడిందో చూసిన మనిషి ఆవిడ, బ్యాటరీ గడి కింద రెండుసార్లు గీత గీశారు.

ఇప్పటి స్థితి

మళ్లీ చూడ్డం మొదలుపెట్టాం. మొదట సెషన్ చేసిన చోట్లకి చెప్పకుండా పెట్టె తీసుకెళ్తున్నాం. సింక్ బటన్ ఇప్పుడు తడుముకోకుండా నొక్కుతున్నారు. రెండో షాక్‌కి మళ్లీ నొక్కడం సగంమందే గుర్తుపెట్టుకున్నారు. కాల్షియం త్వరగా అడుగుతున్నారు, నాలుగు రెస్పూల్స్ మాత్రం ఎవరూ అడగడం లేదు. చేతి పనులు నెలల్లోనే మరుపున పడతాయన్నది తెలిసిందే కాబట్టి, పెద్ద క్లాసు మళ్లీ పెట్టకుండా డ్యూటీ మారే వేళ పది నిమిషాలు, నెలకొక లయ అని అడుగుతున్నాను. సూపరింటెండెంట్లలో ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకరు ఈసీజీ క్లాసు ఎప్పుడని అడిగారు.

మావాడు రెండో పెట్టె మొదలుపెట్టాడు, ఈసారి పేసింగ్ కరెంటు పెంచుతూ పోతే ఎక్కడో ఒకచోట గుండె అందుకున్నట్టు నాబ్‌తో చూపించేలా. వచ్చే సెషన్‌కి కొత్త ప్యాడ్లు ఇంకా రాలేదు. గడువు దాటినవి ఒక కట్ట దొరికాయి, కవర్ల మీద ‘శిక్షణకి మాత్రమే’ అని మార్కర్‌తో రాసి సంచిలో పెట్టాను.